ఆ చీటీలో మన గురించి ఏం రాశారు?

మన ఇళ్లలో కాగితాలకు కొదవలేదు. ఇంటి పన్ను రశీదులు, పొలం పాస్‌బుక్కు, బండి ఆర్సీ, పిల్లల మార్కుల జాబితాలు అన్నీ ఫైళ్లలో పెట్టి బీరువాలో భద్రంగా దాస్తాం. ఇంటాయన షుగర్ రిపోర్టులు కూడా తేదీలవారీగా ఉంటాయి. అదే ఇంట్లో ఇల్లాలి ఆసుపత్రి చీటీ ఎక్కడుందని అడిగి చూడండి. పోపులడబ్బా కిందో, దేవుడి గూట్లోనో, మందుల షాపువాడిచ్చిన కవర్లోనో ఉంటుంది. చాలాసార్లు అసలు ఉండదు. "తగ్గిపోయింది కదా, ఇంకెందుకని పారేశాను" అంటుంది ఆ ఇల్లాలు.

జ్వరానికో జలుబుకో రాసిన చీటీ పోతే పెద్ద నష్టం లేదు. కానీ రొమ్ములో గడ్డ తగిలి డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజున రాసిన చీటీ అలాంటిది కాదు. అందులో ఏం రాశారు, ఏం రాయకుండా వదిలేశారు అన్నదాని మీద తర్వాత జరగబోయేది చాలా ఆధారపడి ఉంటుంది. స్కానింగ్ చేసేవారు ఎక్కడ వెతకాలి, ఆరు నెలల తర్వాత గడ్డ పెరిగిందో లేదో దేనితో పోల్చాలి, బీమా కంపెనీ డబ్బు ఇస్తుందా పేచీ పెడుతుందా... అన్నిటికీ ఆ కాగితమే ఆధారం.

ఇదంతా భయపెట్టడానికి చెప్పడం లేదు. రొమ్ములో తగిలే గడ్డల్లో ఎక్కువభాగం క్యాన్సర్ కావు. చిన్న వయసు ఆడపిల్లల్లో కనిపించేవి చాలావరకు ఫైబ్రోఎడినోమా అనే మామూలు గడ్డలు. నీటితిత్తులు ఉంటాయి, పాలిచ్చే తల్లుల్లో పాలు గడ్డకట్టడాలు ఉంటాయి. అయితే ఏది మామూలుదో, ఏది కాదో తేల్చేది మన ధైర్యమూ కాదు, పక్కింటావిడ అనుభవమూ కాదు. డాక్టరు చేత్తో పరీక్షించడం, అల్ట్రాసౌండ్ లేదా మామోగ్రామ్, అవసరమైతే సూదితో ముక్క తీసి చూడటం – ఈ మూడూ ఒకే మాట చెబితేనే నిశ్చింత. ఒకటి ఒకలా, ఇంకొకటి ఇంకోలా చెబితే మళ్లీ చూడాల్సిందే. మూడూ కలిశాయో లేదో తెలియాలంటే మూడింటి రాతా చేతిలో ఉండాలి కదా!

మొదటి చిక్కు మన దగ్గరే మొదలవుతుంది. మనకు ఆ మాట పలకడానికే సిగ్గు. "ఛాతీలో ఏదో గట్టిగా ఉంది" అంటాం. చీటీలో "ఛాతీలో వాపు" అని పడుతుంది. కొందరైతే అదీ చెప్పరు. పక్కన నిలబడ్డ భర్తో అత్తగారో చెబుతారు, మనం తలూపుతాం. ఎప్పటినుంచి ఉందంటే "ఈమధ్యనే" అంటాం. ఎంత ఉందంటే "రేగిపండంత" అంటాం. రేగిపండు చిన్నదీ ఉంటుంది, పెద్దదీ ఉంటుంది. డాక్టరుకు కావలసింది వారాలు, నెలలు, సెంటీమీటర్లు. 2 సెంటీమీటర్ల లోపు గడ్డకూ 5 దాటిన గడ్డకూ, అది క్యాన్సర్ అయినప్పుడు, దశల లెక్కలోనే తేడా ఉంది.

రెండో చిక్కు డాక్టర్ల రాతది. నేను చూసిన చీటీల్లో చాలావాటిలో "రొమ్ములో గడ్డ, స్కానింగ్" అని ఒక్క ముక్క, కింద రెండు మాత్రల పేర్లు. కుడివైపా, ఎడమవైపా? తెలియదు. నిజానికి రాయవలసింది ఎంతో లేదు. ఏ వైపు, రొమ్మును నాలుగు భాగాలు చేసుకుంటే ఏ భాగంలో, ఎన్ని సెంటీమీటర్లు, గట్టిగా ఉందా మెత్తగా ఉందా, కదులుతోందా అతుక్కుందా, చర్మం లోపలికి లాగినట్టుందా, చనుమొన నుంచి రక్తంగానీ నీరుగానీ వస్తోందా, చంకలో బిళ్లలు తగులుతున్నాయా, ఎన్నాళ్ల నుంచి, పుట్టింటివైపు ఎవరికైనా ఈ జబ్బు వచ్చిందా. అంతే!

చోటు చెప్పడానికి డాక్టర్లు గడియారం లెక్క వాడతారు. రొమ్మును గడియారం ముఖంలా అనుకుని "10 గంటల చోట, చనుమొనకు 4 సెంటీమీటర్ల దూరంలో" అని రాస్తారు. కానీ వైపు రాయకపోతే ఈ లెక్కా పనికిరాదు. 10 గంటల చోటు కుడి రొమ్ములో చంక వైపుకు వస్తుంది, ఎడమ రొమ్ములో లోపలివైపుకు వస్తుంది. ఒక్క మాట వదిలేస్తే అర్థమే తిరగబడుతుంది.

ఈ రాతల గొడవ నాకు ఇంతగా పట్టడానికి కారణం మా మేనకోడలు. మా ఆడపడుచు కూతురు. బీఫార్మసీ చదివి, అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని, హైదరాబాద్‌లోనే మెడికల్ కోడింగ్ ఉద్యోగంలో చేరింది. ఇలాంటి ఉద్యోగాల్లో మన తెలుగు ఆడపిల్లలు వేలమంది ఉన్నారు. వాళ్ల పనేమిటంటే, అమెరికాలో డాక్టరు రాసిన కాగితం చదివి, అందులోని జబ్బుకు సరిపడే కోడు వేయడం. ఆ కోడును చూసే అక్కడి బీమా కంపెనీ డబ్బు చెల్లిస్తుంది.

ఈ కోడ్ల వెనక పెద్ద చరిత్రే ఉంది. జాక్ బెర్టిలాన్ అనే ఫ్రెంచి గణాంకవేత్త తయారుచేసిన మరణకారణాల జాబితాను 1893లో ఆమోదించారు. మొదలు అది. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ బాధ్యత తీసుకుంది. ఐసీడీ అని పిలిచే ఆ జాబితా పదో కూర్పును 1990లో ఆమోదించారు. పదకొండో కూర్పు 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చినా, పదో కూర్పు వాడకం ఇంకా పోలేదు. అందులో "ఏమిటో ఇంకా తేలని రొమ్ము గడ్డ"కు కోడు ఎన్ 63. క్యాన్సర్ కాని కణితి అని తేలితే డి 24. నీటితిత్తుల వంటి మార్పులైతే ఎన్ 60. క్యాన్సర్ అని తేలితే సి 50.

"అత్తయ్యా, అమెరికావాళ్లు 2017 అక్టోబరు నుంచి ఎన్ 63ని కూడా ముక్కలు చేశారు. కుడికి వేరు, ఎడమకు వేరు. అందులో మళ్లీ పైనా కిందా, లోపలా వెలుపలా, చనుమొన కిందా... ఒక్కోదానికి ఒక్కో కోడు" అని చెప్పింది మా మేనకోడలు.

"మరి డాక్టరు ఏ వైపో రాయకపోతే?" అన్నాను.

"ఊహించి వేయడానికి లేదు. తిరిగి డాక్టరునే అడుగుతూ ప్రశ్న పంపాలి. ఏ వైపో తెలియదు అనే కోడు కూడా ఉందనుకో, కానీ అది వేస్తే బీమావాళ్లు ఊరుకుంటారని నమ్మకం లేదు. కాగితం మీద లేకపోతే జరగనట్టే లెక్క అని మాకు మొదటిరోజే నేర్పుతారు."

ఆ మాట విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అమీర్‌పేటలో చదువుకున్న మన పిల్ల, ఎక్కడో అమెరికాలో ఉన్న, ముఖం కూడా తెలియని ఒకామె గడ్డ కుడిదో ఎడమదో రాయలేదని డాక్టరును నిలదీస్తుంది. అదే పిల్ల సొంత తల్లి, అంటే మా ఆడపడుచు, రెండేళ్ల కిందట ఇలాంటి గడ్డతోనే మా ఊరి డాక్టరు దగ్గరికి వెళ్లింది. దేవుడి దయవల్ల అది నీటితిత్తే. కానీ ఆ చీటీ తీసి చూస్తే వైపూ లేదు, కొలతా లేదు, తేదీ కూడా సగమే కనిపిస్తోంది. పొరుగు దేశపు ఆడవాళ్ల కాగితాలను దిద్దే చేతులు మన ఇళ్లలోనే ఉన్నాయి, మన అమ్మల కాగితాలను మాత్రం దిద్దేవాళ్లు లేరు.

"కోడ్లు ఆఫీసువాళ్ల గొడవ, మనకెందుకు?" అనేవాళ్లుంటారు. ఇక్కడ కూడా బీమా క్లెయిము ఫారంలో ఆసుపత్రి నింపే భాగంలో ఐసీడీ కోడు రాసే గడి ఉంది. అయితే మూల జాబితాలోని ఎన్ 63 అన్న కోడులో కుడి, ఎడమ తేడా లేదు. అంటే ఆ వివరం చెప్పేది కోడు కాదు, డాక్టరు చేతిరాతే. ఆ రాత లేకపోతే ఇక ఏమీ లేనట్టే.

ఇంకో సంగతి. అనుమానం వేరు, జబ్బు వేరు. డాక్టరు "క్యాన్సర్ కావచ్చు, చూడాలి" అని రాస్తే, ఓపీలో చూసిన మనిషికి సి 50 వేయకూడదన్నది అమెరికా కోడింగ్ నియమం. తేలేదాకా అది గడ్డే, ఎన్ 63యే. నాకు ఈ నియమం చాలా నచ్చింది. ముక్క పరీక్ష కాకుండానే ఒక మనిషి మీద క్యాన్సర్ ముద్ర పడకూడదు. తేలిన తర్వాత దాన్ని దాచనూ కూడదు. మన దగ్గర రెండూ జరుగుతాయి. తేలకముందే చుట్టాలు సానుభూతి పలకరింపులకు వస్తారు, తేలిన తర్వాత ఆమెకే చెప్పకుండా ఇంటిల్లిపాదీ గుసగుసలాడతారు.

మా వీధిలో ఒకావిడకు ఎదురైన అనుభవం చెబుతాను. ఆమెకు గడ్డ తగిలిన మూడు నెలలకు పట్నంలోని ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. పాలసీ తీసుకుని రెండేళ్లయింది. కేస్‌షీట్లో డాక్టరు 3/12 అని రాశారు. వాళ్ల పరిభాషలో అంటే 3 నెలలు. 3/52 అంటే 3 వారాలు. డిశ్చార్జి సమ్మరీ టైపు చేసిన మనిషి దాన్ని "3 సంవత్సరాలు" చేసేశాడు. ఇంకేముంది, పాలసీకి ముందునుంచే ఉన్న జబ్బని క్లెయిము తిప్పికొట్టారు. ముందునుంచి ఉన్న జబ్బులకు వేచి ఉండే కాలాన్ని 2024లో 4 ఏళ్ల నుంచి గరిష్ఠంగా 3 ఏళ్లకు తగ్గించారు. అయినా ఆమె పాలసీకి ఆ మూడేళ్లూ నిండలేదు. ఒకపక్క కీమోతో వాంతులు, ఇంకోపక్క ఆఫీసుల చుట్టూ భర్త తిరుగుళ్లు. చివరికి ఆమెను గట్టెక్కించింది ఏమిటో తెలుసా? గడ్డ తగిలిన కొత్తలో మా ఊళ్లో లేడీ డాక్టరుగారు రాసిచ్చిన చీటీ. అందులో తేదీ ఉంది, "3 వారాల నుంచి" అని విడమరిచి ఉంది. దాన్ని చూపించి ఆసుపత్రి చేత దిద్దించిన సమ్మరీ తెచ్చుకుంటే అప్పుడు డబ్బు వచ్చింది. ఆ చీటీ పారేసి ఉంటే?

రిపోర్టు చదవడం రాక పడే కంగారు ఇంకొకటి. మామోగ్రామ్, స్కానింగ్ రిపోర్టుల చివర బైరాడ్స్ అని ఒక అంకె వేస్తారు. అమెరికా రేడియాలజీ కాలేజీ 1993లో తెచ్చిన పద్ధతి ఇది. సున్నా అంటే ఇంకా పరీక్షలు కావాలని. 1 అంటే ఏమీ లేదని. 2 అంటే ఉన్నది మామూలుదేనని. 3 అంటే దాదాపు మామూలుదే, ఆరు నెలలకు మళ్లీ చూపించుకోమని. 4 అంటే అనుమానం ఉంది, ముక్క తీసి చూడాలని. 5 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం చాలా ఎక్కువని. 6 అంటే ముందే రుజువైందని. ఈ 4ను చూసి "నాలుగో స్టేజీ" అనుకుని కుప్పకూలిపోయేవాళ్లున్నారు. బైరాడ్స్ 4కూ నాలుగో దశకూ ఏ సంబంధమూ లేదు. 4 పడినవాళ్లలో ముక్క పరీక్ష తర్వాత ఏమీ లేదని తేలేవాళ్లు చాలామంది. అలాగే 3 చూసి "ఏం లేదట" అని ఆరు నెలల మాట మరిచిపోయేవాళ్లూ ఉన్నారు. ఆ 3 అర్థమే "మళ్లీ రండి" అని. అంకె వేసి ఊరుకోకుండా దాని అర్థం రెండు ముక్కల్లో తెలుగులో రాసిస్తే ఈ కంగారూ ఉండదు, ఈ నిర్లక్ష్యమూ ఉండదు.

ఇక, చెప్పుకోవడానికి అందరూ జంకే విషయం ఒకటుంది. పెళ్లి కావలసిన పిల్లకు గడ్డ కనిపిస్తే తల్లిదండ్రులు ముందుగా అడిగేది, "డాక్టరుగారూ, కాగితం మీద ఏమీ రాయకండి, సంబంధాలు చూస్తున్నాం" అని. వాళ్ల భయం నాకు తెలియనిది కాదు. ఆడపిల్ల వంట్లో చిన్న నలత ఉన్నా బేరం తగ్గించే లోకం మనది. కానీ రాయకపోతే నష్టపోయేది ఎవరు? ఆ పిల్లే. పెళ్లయి వేరే ఊరు వెళ్లాక, బిడ్డ పుట్టాక అదే చోట మళ్లీ గడ్డ తగులుతుంది. అది పాతదా కొత్తదా, ఎంత ఉండేది, ఎంతయింది? చెప్పే కాగితం లేదు. కథ మొదటికి వస్తుంది. ఫైబ్రోఎడినోమా అన్న మాట కళంకం కాదు. అది రాసి ఉండటమే ఆ పిల్లకు రక్ష. దాచవలసింది కాగితాన్ని కాదు, కాగితాన్ని చూసి వెనక్కిపోయే పెళ్లికొడుకును చూసి సంతోషించాలి, ముందే బయటపడ్డాడని.

ఒక్కొక్కరి కాగితం సంగతి పక్కన పెట్టినా, దేశం లెక్క ఒకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు సుమారు 1 లక్షా 92 వేలమంది. ఆ ఏడాదే ఈ జబ్బుతో పోయినవారు 98 వేలమందికి పైనే. ఇలాంటి అంచనాలకు మూలం, భారత వైద్య పరిశోధన మండలి 1980ల మొదట్లో ప్రారంభించిన క్యాన్సర్ రిజిస్ట్రీల వంటివే. ఆ రిజిస్ట్రీల్లోకి వెళ్లేది ఆసుపత్రి కాగితాల్లో ఉన్నదే. రాయని జబ్బు లెక్కకు రాదు. లెక్కకు రాని జబ్బుకు ఊళ్లో మామోగ్రామ్ మిషనూ రాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నామన్నవారు నూటికి ఒక్కరు కూడా లేరు, 0.9 శాతం! అంత కొద్దిమంది గడప దాటి వస్తే, వచ్చినవాళ్లకైనా సరైన రాత దక్కవద్దూ?

"పెద్దాసుపత్రిలో క్యూ వరండా దాటి ఉంటుంది, ఇంత రాసే తీరిక ఎవరికుంది?" అని డాక్టర్లు అంటారు. వాళ్ల బాధ అబద్ధం కాదు. అందుకే నేను పెద్ద కోరిక కోరడం లేదు. ఓపీ చీటీ మీద వేయడానికి రెండు గుండ్రాల రబ్బరు ముద్ర ఒకటి చేయించండి. కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. గడ్డ ఉన్న చోట ఒక చుక్క, పక్కన సెంటీమీటర్లు, కింద ఎన్నాళ్ల నుంచో. అర నిమిషం పని. చదువురాని తల్లికి కూడా ఆ బొమ్మ అర్థమవుతుంది. ఆమె దాన్ని ఏ ఊరి డాక్టరుకు చూపించినా అర్థమవుతుంది.

మనం అడగడానికి హక్కు కూడా ఉంది. 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం ఆసుపత్రిలో చేరినవారి రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు భద్రపరచాలి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో చేర్చారు. మూడేళ్లంటే మన జబ్బుకు చాలా తక్కువ. రొమ్ము గడ్డ చరిత్ర పదేళ్ల తర్వాత కూడా కావాల్సి రావచ్చు. అందుకని మన ఫైలు మనమే పెట్టుకోవాలి. ఓపీ చీటీలు, స్కానింగ్ రిపోర్టులు, ఫిల్ములు, ముక్క పరీక్ష రిపోర్టు తేదీల వరసలో ఉండాలి. క్యాన్సర్ అని తేలితే ఈఆర్, పీఆర్, హెర్2 అనే మూడు పరీక్షల ఫలితం తప్పకుండా ఉండాలి. ఏ మందు పనిచేస్తుందో చెప్పేది అవే. ఫోన్లో ఫోటోలు తీసి ఉంచుకోవడం ఇంకా మంచిది. 2021లో దేశమంతటా మొదలైన 14 అంకెల ఆరోగ్య ఖాతా, ఆభా, ఉన్నవాళ్లు రిపోర్టులు దానికి కూడా జతచేసుకోవచ్చు.

డాక్టరును అడిగితే కోపం వస్తుందేమోనని మనకొక జంకు. చీర కొంటే అంచు తిప్పి తిప్పి చూస్తాం, కూరగాయలవాడి తక్కెడ ముల్లు చూస్తాం. మన ఒంటి గురించి రాసిన నాలుగు ముక్కలు చదివి వినిపించమనడానికి మొహమాటమెందుకు? నెమ్మదిగా, మర్యాదగానే అడుగుదాం. కుడా ఎడమా, ఎన్ని సెంటీమీటర్లు, ఎన్నాళ్ల నుంచి, మళ్లీ ఎప్పుడు రావాలి – ఈ నాలుగూ చీటీలో ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే రాయించుకుని, అప్పుడు కుర్చీలోంచి లేవండి.